తప్పనిసరి కాని నెల

మిన్నెసోటాలోని ఒక వైద్య కళాశాల, నాలుగో ఏడాది విద్యార్థుల శ్రేయస్సును దృష్టిలో ఉంచుకుని ఒక చారిత్రాత్మక నిర్ణయం ప్రకటించింది. రెసిడెన్సీ సీటుకు, అంటే చదువయ్యాక ఆసుపత్రిలో స్పెషలిస్టు శిక్షణకు, దరఖాస్తు పెట్టే ముందు పరాయి ఊరి ఆసుపత్రికి వెళ్లి, అక్కడ నెల్లాళ్లు పనిచేసి చూపించడం, అంటే బయటి రొటేషన్ చేయడం, ఎవరికీ తప్పనిసరి కాదు.

ఈ నిర్ణయానికి రావడానికి సలహా సంఘంవారు ఒక చలికాలమంతా కూర్చున్నారు. దాన్ని వివరించడానికి డీన్ గారు స్వయంగా వేదిక ఎక్కారు.

"మిత్రులారా! వెళ్లాలా వద్దా అన్నది పూర్తిగా మీ ఇష్టం. మీ స్వేచ్ఛ మాకు ప్రాణం. వెళ్లనివాళ్లు నష్టపోయినట్టు మా దగ్గర ఒక్క దాఖలా కూడా లేదు. ఎందుకంటే, ఎముకల సర్జరీ కోరుకున్నవాళ్లలో వెళ్లనివాళ్లు ఇంతవరకు ఎవరూ లేరు."

విద్యార్థులు చప్పట్లు కొట్టారు. కొట్టిన చేతులతోనే ఫోన్లు తీసి విమానం టిక్కెట్లు వెతికారు.

ఎముకల సర్జరీ కోరుకున్నవాళ్లలో ఆరిన్ ట్వేట్ ఒకడు. పాడి రైతు కొడుకు. ఆదివారం లూథరన్ చర్చిలో పాటల బృందానికి వెనక వరసలో నిలబడి లోతు గొంతుతో పాడేవాడు. పెళ్లయి, ఇంగా అనే మూడేళ్ల కూతురున్న గృహస్థు. చచ్చినా అబద్ధమాడడని అతని గురించి అతనికి గొప్ప నమ్మకం.

అతని భార్య సోల్వీగ్ చిన్నపిల్లల బడిలో టీచరు. ఆమెకు ఈ ప్రకటన అర్థం కాలేదు.

"తప్పనిసరి కాదన్నారుగా, మరెందుకు వెళ్లడం?"

"తప్పనిసరి కాదంటే వెళ్లాలని, సోల్వీగ్."

"మరి నిజంగా వెళ్లక్కర్లేకపోతే ఏమంటారు?"

"అదీ తప్పనిసరి కాదనే అంటారు."

"మా బడే నయం. బొమ్మ కింద పెట్టమంటే కింద పెట్టమనే!"

ఆ ఇంట్లో రాత్రి భోజనానికి ముందు చేతులు పట్టుకుని, కావలసినవాళ్లను పేరు పేరునా తలుచుకుని ప్రార్థించడం అలవాటు. సోల్వీగ్ తన బడిపిల్లలందరినీ తలుచుకుంది. ఇంగా పక్కింటి కుక్కను కూడా పేరు పెట్టి తలుచుకుంది. ఆరిన్ మాత్రం లోలోపల, 'ప్రభూ, అక్కడివాళ్లు నన్ను గుర్తించేలా చెయ్యి. నా కుట్టు చక్కగా పడనివ్వు. పక్కవాడి కుట్టు కాస్త వంకర పోతే, అది నీ చిత్తం' అని వేడుకున్నాడు.

అలా ఆగస్టు నెలలో ఫిలడెల్ఫియాలోని ఒక పెద్ద ఆసుపత్రిలో అడుగుపెట్టాడు.

బయటి రొటేషన్ అంటే పెళ్లిచూపులే. కాకపోతే మన పెళ్లిచూపుల్లో పిల్ల ఒక్క పూట తల వంచితే చాలు. ఇక్కడ నెలంతా వంచాలి. పైగా పెళ్లికూతుళ్లు నలుగురు ఒకే చాప మీద కూర్చుంటారు. ఒకళ్లనొకళ్లు చూసి నవ్వుకోవాలి కూడా.

మొదటి రోజు చీఫ్ సర్జన్ డాక్టర్ హాలోవే గారు ఆరిన్‌ను కరుణతో పలకరించారు.

"ఎక్కడి నుంచి?"

"మిన్నెసోటా నుంచి సార్."

"ఓహో, అయోవా! మంచి మొక్కజొన్న."

పక్క రాష్ట్రమేగా అని ఆరిన్ సరిపెట్టుకున్నాడు. చాప మీద రెండో పెళ్లికూతురు, టెక్సస్ నుంచి వచ్చిన టోబైయస్, చెవిలో గొణిగాడు.

"సరిదిద్దవేం?"

"మొదటి రోజే ఏం బావుంటుంది?"

"అంతేలే. నన్ను ఓక్లహోమా అన్నాడు. నేనూ సరేనన్నా గురూ."

ఆ రోజు నుంచి ఆరిన్ పేరు అయోవా. రెండో వారానికి 'మా అయోవాలో' అని మాట మొదలుపెట్టడం అలవాటైంది. మూడో వారంలో అయోవా ఫుట్‌బాల్ జట్టు గురించి ఎవరో మంచిమాట అంటే నిజంగానే ఛాతీ ఉప్పొంగింది. ఒకనాడు ఆపరేషన్ మధ్యలో చీఫ్ గారు మిన్నెసోటావాళ్ల మందకొడితనం మీద జోకు వేశారు. అందరికంటే గట్టిగా నవ్వింది ఆరినే. బైబిల్లో పేతురు క్రీస్తును ఎరగనని బొంకగానే కోడి కూసిందట. ఫిలడెల్ఫియాలో కోళ్లు లేవు గనుక ఏ కోడీ కూయలేదు. కానీ ఆ సాయంత్రం నాన్నకు ఫోన్ చేయబోయి మానేశాడు.

ఆఖరి శనివారం మధ్యాహ్నం వార్డులో పనేమీ లేదు. సీనియర్ రెసిడెంట్ ప్రాట్ నలుగురినీ పిలిచి, "ఇంక ఇళ్లకి పొండి" అన్నాడు.

ఎవరూ కదల్లేదు. ఇది పరీక్ష అని నలుగురికీ తెలుసు.

"నిజంగానే పొండర్రా బాబూ!"

"పర్లేదు డాక్టర్, ఇక్కడే హాయిగా ఉంది," అన్నాడు టోబైయస్.

విద్యార్థులు ఉండగా వెళ్తే బావుండదని ప్రాట్ ఉండిపోయాడు. ప్రాట్ ఉండగా వెళ్తే బావుండదని మిగతా రెసిడెంట్లూ ఉండిపోయారు. ఉన్నవాళ్లకు ఏదో ఒక పని కావాలి. తుంటి కీలు మార్పించుకుని ఇంటికి బయల్దేరుతున్న డిలూకా అనే పెద్దావిడ దొరికింది. ఒకరి తర్వాత ఒకరు వెళ్లి కట్టు విప్పి, చూసి, మెచ్చుకుని, మళ్లీ కట్టారు. ఆరిన్ వంతు వచ్చేసరికి ఆవిడ ఓపిక అయిపోయింది.

"ఏం నాయనా, ఇది తుంటా, తిరనాళ్లా? ఇంటికి పొమ్మంటే పోరేం మీరు? నన్నూ పోనివ్వరు! అక్కడ మా చెల్లెలు గ్రేవీ కాస్తోంది. టమాటా గ్రేవీలో చక్కెర పోస్తుందది, చక్కెర! రేపు చుట్టాల ముందు నా పరువేం గాను?"

"ఒక్క నిమిషమండీ. చీఫ్ గారు ఇటే వస్తున్నారు."

"వస్తే?"

"నేను కనబడాలి."

ఆవిడ అతన్ని కింది నుంచి పైకి చూసి, "కనబడు నాయనా, కనబడు" అని దుప్పటి కప్పేసుకుంది.

చీఫ్ గారు వచ్చారు. సెలవు రోజున కూడా పనిలో మునిగి ఉన్న తన వార్డును చూసి ఆయన కళ్లు చెమర్చాయి. ఆరిన్ భుజం మీద చెయ్యి వేశారు.

"అయోవా, నీలాంటివాడే మాకు కావాలి. ఎంపిక నాడు నీ పేరు మరిచిపోను."

ఆయన అన్న మాట నిలబెట్టుకున్నారు. ఎంపిక నాడు బల్ల గుద్ది మరీ, "ఆ అయోవా కుర్రాణ్ణి అందరికంటే పైన వేయండి" అన్నారు. అయోవా నుంచి వచ్చిన దరఖాస్తు ఒక్కటే ఉంది. మామగారి పొలంలో పని వదలక, బయటి రొటేషన్‌కు ఎక్కడికీ వెళ్లని ఒక కుర్రాడిది. సీటు అతనికి వచ్చింది. జూలైలో అతను చేరినప్పుడు చీఫ్ గారు ఆప్యాయంగా హత్తుకుని, "కాస్త పొడుగయ్యావోయ్" అన్నారట. ఈ సంగతి ప్రాట్ ఆ తర్వాత ఫోన్ చేసి, నవ్వలేక నవ్వుతూ ఆరిన్‌కు చెప్పాడు.

ఆరిన్‌కు సొంత కళాశాల ఆసుపత్రిలోనే సీటు వచ్చింది. నాలుగేళ్లుగా తనను చూస్తున్నవాళ్లే ఇచ్చారు. ఫిలడెల్ఫియా వెళ్లకపోయినా ఇచ్చేవాళ్లు. దీన్ని బయటి రొటేషన్ సాధించిన విజయంగా డీన్ గారు తర్వాతి ఏడాది ఉపన్యాసంలో పేర్కొన్నారు.

కాలక్రమంలో ఆరిన్ పెద్ద సర్జనయ్యాడు. సలహా సంఘంలో సభ్యుడయ్యాడు. అక్కడ లేచి నిలబడి, "విద్యార్థి మనిషండీ! సంతలో పశువు కాదు. ఈ పద్ధతి పోవాలి!" అని గర్జించాడు. సంఘం కదిలిపోయింది. బయటి రొటేషన్ తప్పనిసరి కాదని ఏకగ్రీవంగా, మరింత గట్టిగా తీర్మానించింది. ఆ వేసవిలో ఆరిన్ వార్డుకు బయటి ఊళ్ల నుంచి విద్యార్థులు ఎప్పటికంటే ఎక్కువమంది వచ్చారు.

ఒక సాయంత్రం భోజనాల దగ్గర అతను మురిసిపోతూ చెప్పాడు.

"ఈ నెల ఒక అమ్మాయి వచ్చింది సోల్వీగ్, బంగారం! ఇంటికి పొమ్మన్నా పోదు. నేనేం చెప్పినా నవ్వుతుంది. నెబ్రాస్కా అంటే నెబ్రాస్కాయే!"

"అలాగా! సీటు రావాలని మనమూ ప్రార్థిద్దాం," అంటూ సోల్వీగ్ చెయ్యి చాచింది. "పేరేంటి?"

ఆరిన్ చెయ్యి అందించాడు. నోరు తెరిచాడు. బల్ల మీద హాట్‌డిష్ కూర గిన్నెలోంచి ఆవిరి పైకి లేస్తూనే ఉంది.

"నెబ్రాస్కా అన్నది పేరా నాన్నా, ఊరా?" అడిగింది ఇప్పుడు హైస్కూలుకొచ్చిన ఇంగా, వెటకారంగా.

"దేవుడికి తెలుసులే," అన్నాడతను చివరికి, కళ్లు మూసుకుంటూ.

"ఆయనకు తెలుసు," అంది సోల్వీగ్. "సీటిచ్చేది ఆయన కాదుగా."