ఎర్రబడిన అవిసె గోలీలు

నిజామాబాద్‌లో తయారయ్యే అవిసె నూనె గోలీలు ఇకనుంచి ఎర్రగా ఉంటాయనీ, కొనుగోలుదారుల ఆరోగ్యంపై యాజమాన్యానికి గల అపారమైన శ్రద్ధకు ఇదే నిదర్శనమనీ ఆ కంపెనీ ఒక ప్రకటనలో తెలియజేసింది. గుండెకూ మోకాళ్లకూ మేలు చేసే కొవ్వు ఆమ్లాలు వాటిలో ఉంటాయి. అంతకుముందు అవి లేత పసుపు రంగులో ఉండేవి. ఎందుకు ఎర్రబడ్డాయో యజమాని మహేందర్‌కు తెలియదు. తెలియని సంగతిని ప్రకటించడానికి ఆయన ఏనాడూ వెనుకాడలేదు.

కంపెనీ ల్యాబులో పనిచేసే నిరోషకు అనుమానం వచ్చింది.

"సార్, నూనెల ఏదో కలిసింది. అదేందో తేలేదాక సరుకు ఆపాలె."

"ఆపుడెందుకమ్మా, పరీక్ష చేపిద్దాం" అన్నాడు మహేందర్.

చేయించాడు కూడా. వెంటనే రంగు భద్రతా నిర్ధారణ సంఘం ఏర్పడింది. రంగుల విషయం కాబట్టి రిటైరైన డ్రాయింగ్ మాస్టారు చంద్రయ్య అధ్యక్షుడు. బోధన్ దగ్గర కాలువ కింద నలభై ఎకరాలున్న రామకోటేశ్వరరావు సభ్యుడు. నలభై ఎకరాల ఆసామికి తెలియని శాస్త్రం ఉండదు. సంఘం ఫంక్షన్ హాల్లో సమావేశమై గోలీని ట్యూబులైటు కింద ఒకసారి, కిటికీ దగ్గర ఒకసారి పరిశీలించింది. బిర్యానీ తర్వాత మళ్లీ పరిశీలించింది.

"దానిమ్మ ఎరుపండీ, బీట్‌రూట్ ఎరుపండీ, మన ఒంట్లో రక్తం ఎరుపండీ!" అని రామకోటేశ్వరరావు గారు ప్రసంగించారు. "ప్రకృతే ఎరుపుని ఎంచుకున్నాక కాదనడానికి మనమెవరమండీ?"

చప్పట్లు మోగాయి. మాస్టారు "సురక్షితమైన ఛాయ" అని రాసి సంతకం చేశారు. అక్షరాలకు నీడ కూడా దిద్దారు.

మూడో నెల పడ్డాక ఎడపల్లి నుంచి ఈరవ్వ వచ్చింది. నాట్లకు కూలికి పోయే మనిషి. మోకాళ్ల నొప్పులకు రెండు నెలలుగా ఆ గోలీలు మింగుతోంది.

"సారూ, గీ గోలీలు మింగినకాడికెల్లి ఒంటికి పోతే ఎర్రగ వస్తున్నది. కాళ్లు ఉబ్బినయి. గిది మంచికేనా?"

"మంచికే అవ్వా! లోపలి రోగం బయటికి పోతున్నది" అన్నాడు మహేందర్. సంతృప్తి చెందిన వినియోగదారుగా ఆమె ఫొటో తీయించి ఆఫీసు గోడకు పెట్టించాడు.

నిరోష ఆమెను ఆటో ఎక్కించి సర్కారు దవాఖానకు తీసుకెళ్లింది. కిడ్నీలు దెబ్బతింటున్నాయనీ, ఇంకో నెల మింగితే తన చేతుల్లో ఉండదనీ డాక్టరు చెప్పాడు. నిరోష తెల్లారి సెలవు పెట్టి, గోలీలు పట్టుకుని హైదరాబాద్ ల్యాబుకు తనే పోయింది. పది రోజులకు ఫలితం వచ్చింది: అది బట్టలకు అద్దే రంగు. నూనె తెచ్చిన డ్రముల్లో అంతకుముందు ఆ రంగే ఉండేది. ఆమె ఆ కాగితాన్ని మహేందర్‌కు ఒకటి, అధికారులకు ఒకటి ఇచ్చింది. సరుకు జప్తయింది.

నిజాయితీని గౌరవించే సంస్థ కాబట్టి కంపెనీ నిరోషకు శాలువా కప్పి, పూలదండ వేసి, ఉద్యోగ బాధ్యతల నుంచి శాశ్వతంగా విముక్తి కలిగించింది. కొత్త డ్రములు కొన్నది. గోలీలు మళ్లీ లేత పసుపు రంగుకు వచ్చాయి. వారం తిరగకముందే జనం దుకాణాల ముందు గొడవకు దిగారు. రంగు తగ్గించి కల్తీ సరుకు అంటగడుతున్నారట!

నిరోష ఎడపల్లి పోయి ఈరవ్వను చూసింది. కాళ్ల వాపు తగ్గింది.

"పానం మంచిగనే ఉన్నది బిడ్డా. గని ఎర్రయి మింగితే లోపల పని జేస్తున్నట్టు కనవడుతుండె. గీ పసుపుయి మింగితే ఏం తెలుస్తలేదు. ఓ నాలుగు ఎర్రయి దొరుకుతయా?"



ఈ సంగతి నేను ఇప్పటికి చాలామందికి చెప్పాను. నిరోషకు మళ్లీ ఉద్యోగం దొరికిందా అని ఒక్కరూ అడగలేదు. ముగ్గురు మాత్రం ఆ ఎర్ర గోలీలు దొరికే దుకాణం పేరు అడిగారు. బాగా చదువుకున్న ఒకాయన నన్ను పక్కకు పిలిచి, పరగడుపున మింగాలా, తిన్నాక మింగాలా అని అడిగాడు.