సులహ్ కమిటీ వారి సలహాలు

1949 ఎండాకాలంలో సుల్తానాబాద్ దగ్గరి ఒక ఊరికి ఉర్దూలో సర్కారు హుకుం దయచేసింది. రజాకార్ల నాటి గొడవలు చల్లారాయి గనుక హిందూ ముస్లింల మధ్య రాజీకి ‘సులహ్ కమిటీ’ వేయాలన్నది. పట్వారీ రాజలింగు గారు లేని అక్షరమొకటి ఉదారంగా చేర్చి ‘సలహా కమిటీ’ అని చదివారు. సలహాకు ఊళ్లో మగవాళ్లంతా అర్హులే. పదకొండు మంది సభ్యులు క్షణంలో దొరికారు.

కమిటీ ముందున్నది ఒకటే సమస్య. బావి ముస్లింల వాడలో ఉంది. దాని గిరకను గొడవల్లో సభ్యుడు ఎల్లేశం గారే ఊడబెరికి తన అటుక మీద దాచారు. ఆ వాడకూ హిందువుల వాడకూ నడుమ ముళ్లకంచె. అందువల్ల రెండు వాడల ఆడవాళ్లూ కోసెడు దూరం నడిచి వాగులో చెలిమలు తోడుతున్నారు. ఎల్లేశం భార్య అనసూర్యకు ఏడో నెల. కానుపు నాటికి ఇంట్లో నీళ్లుంటాయా అన్నదే ఆమె ఫికరు.

కమిటీ ఊరుకోలేదు. దాహం తగ్గించుకోవాలని నజీరుద్దీన్ గారు, కుండలు చిన్నవి చేయించాలని సారయ్య గారు సెలవిచ్చారు. చివరకు బావినే ఇరవై గజాలు ఇవతలికి జరపాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. ఎటువైపు నుంచి నెట్టాలన్నది మరుసటి సమావేశానికి వాయిదా పడింది.

అనసూర్యతో కలిసి వాగు నుంచి వస్తూ, ఉర్దూ చదువొచ్చిన అవతలి వాడ లతీఫున్నీసా చావడి గోడమీది హుకుం చదివింది.

“ఓ అనసూర్యా, గిది సలహా కాదే, సులహ్!”

“అంటే ఏంది ఆపా?”

“కొట్లాట బంద్ జేసి కలిసుండుమని.”

“గంతేనా? గా ముచ్చట మనకు చెప్తే ఎన్నడో అయిపోతుండె గద!”

మర్నాడు కమిటీ బావిని నెట్టే దిక్కు తేల్చుకుంటుండగా అనసూర్య అటుకెక్కి గిరక దించి నెత్తిన పెట్టుకుంది. అవతల నుంచి లతీఫున్నీసా కంచె లాగేసింది. గిరక కిర్రుమంది. నీళ్లు పైకొచ్చాయి.

ఆ చప్పుడుకు పరుగెత్తుకొచ్చిన కమిటీ, తన సలహా ఫలించినట్టు అక్కడికక్కడే రాసుకుంది.

“పట్వారీ సాబ్, కాయితంల ఉన్నది సులహ్” అంది లతీఫున్నీసా.

“మంచి సలహా చెప్పినవమ్మా,” అన్నారు రాజలింగు గారు. “గని ఆడోళ్లు మెంబర్లు కారు గద!”

సన్మాన సభలో పదకొండు ఉపన్యాసాలయ్యాయి. గొంతులు తడుపుకోవడానికి ఆడవాళ్లే నీళ్లందించారు.

ఏడు నెలల మనిషి అంత బరువు ఎత్తకూడదని, చదువరులారా, మీకూ తోచే ఉంటుంది. దయచేయండి. పన్నెండో కుర్చీ ఖాళీగానే ఉంది.