పిప్పి సంచుల పాటగది

ఆ రోజుకు దేవిదాస్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే చాయ్ తాగాలి. మధ్యాహ్నానికల్లా ఇంటి కింద ఉన్న తైఖానా గోడలకు గోనెసంచులు పేర్చాలి. సాయంత్రం తల్లి హన్మవ్వ చేత పాట పాడించి టేపు మీదికి ఎక్కించాలి. ఇందులో చక్కెర ప్రసక్తి ఎక్కడా లేదు. బోధన్‌లో కాపురం ఉంటూ చక్కెర ప్రసక్తి లేకుండా ఒక పని పూర్తి చేయవచ్చునని అనుకోవడమే అతని మొదటి పొరపాటు.

దేవిదాస్‌ది మైకుల దుకాణం. పెళ్లిళ్లకూ, దర్గా ఉర్సులకూ, ఓట్ల ప్రచారానికీ మైకులు కిరాయికి ఇస్తాడు. ఊళ్లో అందరి గొంతులూ పెద్దవి చేసే ఈ మనిషికి ఇంట్లో మాత్రం గొంతు అంతంతే. ఆ ఇల్లు కూడా అతనిది కాదు, మహబూబీ అనే ముసలావిడది. ముందు గదుల్లో ఆవిడ, వెనక వాటాలో దేవిదాస్, అతని భార్య రుక్మాబాయి. ఎండాకాలం మధ్యాహ్నాలు చల్లగా పడుకోవడానికి మహబూబీ మామగారు ఎప్పుడో తవ్వించిన నేలగదే ఆ తైఖానా. దేవిదాస్ అందులో పెద్ద చక్రాల టేపురికార్డరు పెట్టాడు, రెండు మైకులు పెట్టాడు, తన చేత్తో బిగించుకున్న మిక్సరు పెట్టె పెట్టాడు. ఒక మైకు తల్లికి, ఇంకొకటి స్నేహితుడు జలీల్ హార్మోనియానికి. పెట్టె మీది గుండీలు తిప్పి ఎవరి చప్పుడు ఎంత వినబడాలో తానే తేల్చవచ్చు. అలాంటి అధికారం చేతికి రావడం అతనికి జీవితంలో ఇదే మొదటిసారి.

ఇంత హడావిడికీ కారణం ఒకే ఒక్క పాట. హన్మవ్వది మెండోర దిక్కున గోదావరి ఒడ్డు ఊరు. ఆ ఊరు ప్రాజెక్టు నీళ్లలో మునిగిపోయింది. ఇప్పుడామె పెద్దకొడుకుతో కొత్త కాలనీలో ఉంటోంది. మునిగిన ఊరి మీద తనంతట తానే ఒక పాట కట్టుకుంది. ఒకసారి బియ్యం చెరుగుతూ పాడుకుంటుంటే దేవిదాస్ తలుపు చాటు నుంచి విన్నాడు. ఆ పూట అతనికి అన్నం సహించలేదు. ఆ పాట ఇంకెవరికీ రాదు. చూసిపోదామని ఇక్కడికి వచ్చిన హన్మవ్వ ఏమో రేపు పొద్దున బస్సుకు వెళ్లిపోతోంది, అక్కడ పసుపు తవ్వకాలు మొదలయ్యాయి. ఈ సాయంత్రం పట్టుకోకపోతే ఆ పాట మళ్లీ దొరుకుతుందో లేదో అని దేవిదాస్‌కు నిజంగానే భయంగా ఉంది.

మొన్న పైగదిలో ఒకసారి ప్రయత్నించాడు. చెరుకు కాలం కదా, వీధి నిండా చక్కెర ఫ్యాక్టరీకి పోయే బండ్లే. టేపు వెనక్కి తిప్పి వింటే ఎద్దుల గంటలు, ఇరుసుల కిర్రు, ఫ్యాక్టరీ సైరను, మధ్యలో ఎక్కడో హన్మవ్వ దగ్గు వినిపించాయి. అప్పుడు జలీల్ ఉపాయం చెప్పాడు. జలీల్ చేసేది దర్జీ పని, ప్రాణమంతా హార్మోనియం మీద.

"దేవిదాస్ భాయ్, ఫ్యాక్టరీ గోనెసంచులు ఖాళీవి తెద్దాం. వాట్లల్ల ఎండిన చెరుకు పిప్పి కూరి గోడలకు పెడ్దాం. బాంబు పేలినా లోపలికి ఇనవడది, చూస్కో."

హన్మవ్వ తన షరతు తాను పెట్టింది. "మంది ముంగట నేను పాడ కొడుకా. నల్గురు సూస్తె నా గొంతు లేవది."

"ఎవ్వలు రారవ్వా. తైఖాన ముచ్చట బయిట చెప్పనే చెప్పం," అని దేవిదాస్ మాట ఇచ్చాడు. భార్యకు కూడా గట్టిగా చెప్పాడు. పాటలు పట్టే యంత్రం ఉందని తెలిస్తే వీధి వీధంతా తైఖానాలోకి దిగుతుందని అతనికి తెలుసు.

ఖాళీ సంచులు నిన్ననే వచ్చాయి. మహబూబీ లోపలి వాకిట్లో దుప్పటి పరిచి ఒక్కొక్కటీ దులిపింది. సంచి మూలల్లో ఇరుక్కున్న చక్కెరను జల్లించి, చిన్న డబ్బాలో పోసి, అలమారాలో దాచుకుంది. చక్కెర రేషను కార్డు మీద తప్ప దొరకని రోజులవి. ఊరంతా చక్కెర వాసనే, డబ్బాలు మాత్రం నెల సగానికే ఖాళీ. దులిపిన సంచులను జలీల్ తన దుకాణం వెనకకు తీసుకుపోయి, పిప్పి కూరి, మూతులు కుట్టి, ఈ పొద్దున బండి మీద వేసుకొచ్చాడు. దర్జీ కుట్టిన కుట్టు కాబట్టి అచ్చం ఫ్యాక్టరీలో కుట్టినట్టే ఉంది.

ఎదురింటి శ్యామలమ్మ గడపలో కూర్చుని ఇదంతా చూసింది. ఫ్యాక్టరీ ముద్ర కొట్టిన నిండు సంచులు ఒకదాని వెనక ఒకటి తైఖానాలోకి దిగుతున్నాయి. బక్కపల్చటి దేవిదాస్ చంకకు ఒకటి చొప్పున ఇరికించుకుని పరుగెత్తుతున్నాడు. చక్కెర మీద ఆశ మనిషికి ఎంత బలమిస్తుందో కదా అని ఆమె ఆశ్చర్యపోయింది. వెంటనే గిన్నె పట్టుకుని వచ్చింది.

"రుక్మా, ఎల్లుండి మా మనుమరాలికి తొట్టెల జేస్తున్నం. ఒక్క గిన్నెడు చక్కెర ఇయ్యి చెల్లె."

"ఇంట్ల పలుకు లేదక్కా. మా అత్తకే బెల్లం చాయ్ పోస్తున్న," అంది రుక్మాబాయి.

"మరి తైఖానల?"

భర్త హెచ్చరిక గుర్తొచ్చి రుక్మాబాయి ముఖం మారిపోయింది. "తైఖానల ఏం లేదక్కా."

"ఏం లేనిదానికి తాళమెందుకే?"

"గదా... ఎలుకలున్నయ్."

"ఎలుకలకు తాళమేస్తరా?" అని శ్యామలమ్మ ఖాళీ గిన్నెతో వెనక్కి తిరిగింది. ఖాళీ గిన్నె కంటే పెద్ద అవమానం ఆ వీధిలో లేదు. వంటింటికి పోవాల్సిన మనిషి నేరుగా నాలుగిళ్లు తిరిగింది.

మధ్యాహ్నం దేవిదాస్ వీధి చివరి హోటల్ ముందు నుంచి పోతుంటే హోటల్ యజమాని నర్సింలు చెయ్యి పట్టుకుని లోపలికి లాగాడు. అడగకుండానే మలాయి వేసిన చాయ్ పెట్టాడు, మిర్చిబజ్జీలు పెట్టాడు. పక్కనే కూర్చుని గొంతు తగ్గించాడు.

"అన్నా, తైఖాన సంగతి నాకెరికే."

దేవిదాస్ చాయ్ గ్లాసు కింద పెట్టేశాడు. పాట గుట్టు బయటపడిందనుకున్నాడు. "మెల్లగ, మెల్లగ! మందికి తెలిస్తె పనంత ఖరాబైతది నర్సింలు. ఇయ్యాల ఎవ్వలు రావద్దు. రేపు నేనే పిలుస్త నిన్ను."

"నన్నొక్కన్నేనా?"

"ముందు నిన్నే. ఒట్టు," అని దేవిదాస్ బజ్జీ నమిలాడు. ఊళ్లో తన కళకు ఇంత గౌరవం ఉందని అతనికి ఇంతకాలం తెలియదు.

దొంగ తన నోటితోనే ఒప్పుకున్నాడని నర్సింలు అందరికీ చెప్పాడు, ఎవరికీ చెప్పవద్దంటూ. రేపు పిలుస్తాడట అనగానే ఈరోజే పోయి వరుసలో నిలబడడం మంచిదని కొందరికి తోచింది. ఆ వరుసలో తమకు చోటు దొరకదనుకున్నవాళ్లు సప్లై ఇన్‌స్పెక్టరు ఆత్మారాంకు కబురు పెట్టారు.

సాయంత్రం తైఖానాలో తలుపు బిగించి గడియ పెట్టారు. దాని మీద బొంత వేలాడదీశారు. దేవిదాస్ చక్రాలు తిప్పాడు, జలీల్ హార్మోనియం అందుకున్నాడు, రుక్మాబాయి ఊపిరి బిగబట్టింది. హన్మవ్వ గొంతు సవరించుకుంది.

"నీళ్ల కింద మా వాకిలి ఎవలూడ్సిరే..."

అక్కడితో ఆగిపోయింది. అటూ ఇటూ చూసి మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ ఆగింది.

"ఏమైందవ్వా?"

"నా పాట నాకే ఇనవడ్తలేదు కొడుకా. గీ సంచులు మింగుతున్నయ్. బాయిల మొకం బెట్టి పాడినట్టున్నది."

దేవిదాస్ జలీల్ గుండీ తగ్గించాడు, తల్లి గుండీ పెంచాడు. పెట్టెలో సూది కదిలింది గానీ హన్మవ్వ కదలలేదు. "నువ్వేం తిప్పినా ఒస్తలేదు బిడ్డా. నిద్రొస్తున్నది," అంది. ఇంత చేసీ పాట చేజారిపోతున్నదని దేవిదాస్‌కు ఏడుపొక్కటే తక్కువైంది.

అదే సమయంలో పైన ఆత్మారాం తైఖానా తలుపు బాదుతున్నాడు. జలీల్ చెప్పినట్టే గది అద్భుతంగా కుదిరింది. ఒక్క దెబ్బ కూడా లోపలికి వినబడలేదు.

"వాళ్లు పనిల ఉన్నరు బేటా, వాళ్లే వస్తరు. బైఠో," అని మహబూబీ ఇన్‌స్పెక్టరుకు కుర్చీ వేసింది. ఇంటికొచ్చిన అధికారికి బెల్లం చాయ్ ఇవ్వడం ఆమెకు చేతకాదు. అలమారా తెరిచి డబ్బా దించింది. చాయ్ చాలా బాగుంది. ఆత్మారాం ఇంకో కప్పు అడిగాడు. ఆ నెలలో ఆయన తాగిన మొదటి తియ్యటి చాయ్ అది.

బయట గుంపు పెరిగింది. ఎవరి చేతిలో చూసినా గిన్నె, చెంబు, డబ్బా. శ్యామలమ్మ అయితే బస్తాలు కోయడానికి కొడవలి కూడా తెచ్చుకుంది. "తలుపు తీస్తలేరంటె లోపల చక్కెర మట్టిల గలుపుతున్నరు సారూ!" అని ఎవరో అరిచారు. మట్టిలో కలుస్తున్న చక్కెరను తలుచుకుని నర్సింలుకు ఒళ్లు మండింది. భుజంతో తలుపును ఒక్క గుద్దు గుద్దాడు. గడియ ఊడింది. బొంతతో సహా నర్సింలు, నర్సింలు మీద ఇన్‌స్పెక్టరు, ఆయన మీద గిన్నెలతో సగం వీధి లోపలికి దొర్లారు.

"కదలొద్దు! బస్తాలతోని దొరికినవ్!" అన్నాడు ఆత్మారాం లేస్తూ.

"గియ్యి ఎలుకలా రుక్మా?" అని శ్యామలమ్మ కొడవలితో దగ్గరి సంచిని చీరేసింది. బుస్సుమని పిప్పి రాలింది. పక్కది చీరింది, పిప్పే. గుంపు మిగిలిన సంచుల మీద పడింది. క్షణంలో తైఖానా అంతా పిప్పి ధూళి. ఇన్‌స్పెక్టరు తుమ్మాడు, ఆ తుమ్ము అందరికీ అంటుకుంది.

హన్మవ్వ లేచి నిలబడింది. "ఏందే గిది? మీ ఊర్ల సుట్టమింటికి గిట్లనే కొడవండ్లు పట్టుకోని వస్తరా?"

అందరూ తలలు దించుకున్నారు. శ్యామలమ్మ కొడవలి వెనక్కి దాచింది. "చక్కెర గాకపోతె గిదంత ఎందుకు తమ్మీ?"

దాచడానికి ఇంకేమీ మిగల్లేదు. "మా అవ్వ పాట కోసమక్కా," అన్నాడు దేవిదాస్. "ఊరు మునిగింది. అవ్వ రేపు పోతది. పాటన్న నా తాన ఉంచుకుందమనుకున్న."

కొంతమంది ఆడవాళ్లు చీరిన సంచుల మీద కూలబడ్డారు. బార్లా తెరుచుకున్న గుమ్మం గుండా వీధిలోని ఎద్దుల గంటలు లోపలికి దిగాయి. హన్మవ్వ ఆ గంటలకు చెవి ఒగ్గింది. కాలు తనంతట తానే తాళం వేసింది. పిప్పిలో కూర్చున్న ఆడవాళ్లను ఒకసారి చూసి, ఏ షరతూ గుర్తులేనట్టు ఎత్తుకుంది.

"నీళ్ల కింద మా వాకిలి ఎవలూడ్సిరే, సేపలూడ్సెనమ్మా తోకలూపంగ..."

"తోకలూపంగ," అని శ్యామలమ్మ అసంకల్పితంగా వంత అందుకుంది. తర్వాతి చరణానికి అందరూ అందుకున్నారు. ఎవరో గిన్నె మీద దరువు వేశారు. జలీల్ హార్మోనియం ఎటు పోయిందో తెలియనే లేదు. దేవిదాస్ గుండీల దాకా చెయ్యి పోనిచ్చి, వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి.

పాట అయ్యాక టేపు వెనక్కి తిప్పి అందరికీ వినిపించాడు. పాటతో పాటు బండ్ల కిర్రు, గంటలు, గిన్నెల చప్పుడు, రెండు తుమ్ములు, చివరన ఫ్యాక్టరీ సైరను అన్నీ ఉన్నాయి. దేవిదాస్ భయం భయంగా తల్లి వైపు చూశాడు.

"ఖరాబైందావ్వా?"

హన్మవ్వ కళ్లు తుడుచుకుంది. "ఖరాబేంది కొడుకా? మా ఊరు గిట్లనే ఉండె."

గుంపు మెల్లగా మెట్లెక్కింది. ఆత్మారాం పిప్పి దులుపుకుంటూ పైకి వచ్చి కుర్చీలో కూర్చుని, ఈ ఇంట్లో చక్కెర ఏమైనా ఉందా అని మహబూబీని చివరిసారిగా అడిగాడు.

"ఉండె బేటా, సంచులు దులిపితె వచ్చింది జరంత. నీ రెండో కప్పుకు అయిపోయింది," అని ఆమె బోర్లించిన డబ్బా చూపించింది. ఆత్మారాం తన ఖాళీ కప్పులోకి ఒకసారి చూసుకుని, తనిఖీలో ఈ ఇంట చక్కెర లేదని రాసి సంతకం చేశాడు. ఆ మాట అప్పటికి అక్షరాలా నిజం.