ఇనపటోపీ జీవితచరిత్ర

'మిగిలినవాడు' అనే ఆన్‌లైన్ ఆటను ఇకమీదట ఆడటంతో సరిపెట్టుకోనక్కరలేదనీ, చదవవచ్చుననీ, చూడవచ్చుననీ, పిల్లల చేత బట్టీ కూడా పట్టించవచ్చుననీ ఆ ఆట కంపెనీ సగర్వంగా ప్రకటించింది. ఊరంతా సంతోషించింది. ఆటలో తలమునకలై ఉన్నందువల్ల అప్పటికప్పుడు సంతోషించడానికి వీలుపడనివారు, తీరిక చూసుకుని సంతోషిస్తామని తెలియజేశారు.

ఆ ఆట తెలియని అమాయకులు ఇంకా ఎవరైనా మిగిలి ఉంటే వారికోసం రెండు మాటలు. వందమంది ఆకాశంలోంచి ఒక దీవి మీదికి దూకుతారు. దొరికిన తుపాకీ పుచ్చుకుని ఒకరినొకరు కాల్చుకుంటారు. ఆఖరికి మిగిలినవాడు గెలిచినట్టు. ముఖం కనపడకుండా అందరి తలల మీదా ఇనుప టోపీలుంటాయి కాబట్టి, ఆటలోని వీరుడికి జనం ముద్దుగా ఇనపటోపీ అని పేరు పెట్టుకున్నారు. అతను మాట్లాడడు, తినడు, నిద్రపోడు, ఎందుకు కాలుస్తున్నాడో ఎవరికీ చెప్పడు. ఇటువంటి ఆదర్శ పురుషుడి జీవితచరిత్ర నవలగా వెలువడటం జాతికి అవసరమని కంపెనీ భావించింది.

ఆ భాగ్యం టీవీ సీరియళ్ళకు మాటలు రాసుకునే ఒక రచయిత్రికి దక్కింది. ఆమె ఆ ఆట ఎన్నడూ ఆడి ఎరగదు. అదే ఆమె అర్హత. ఆడేవాళ్ళలో రాయడానికి తీరిక ఉన్నవాడు ఒక్కడూ దొరకలేదు.

కంపెనీవారి కథా విభాగం ఒక అద్దాల గది. గోడకున్న తెల్లబోర్డు మీద 'భావోద్వేగం' అని రాసి, మరిచిపోకుండా కింద రెండు గీతలు గీశారు.

"ఇతనికి ఎవరెవరున్నారండీ?" అని అడిగింది రచయిత్రి.

"కోట్లమంది ఉన్నారు మేడమ్," అన్నాడు విభాగాధిపతి.

"అది కాదు బాబూ. అమ్మా, నాన్నా, అలా..."

అతను కంప్యూటర్‌లో చాలాసేపు వెతికాడు. "అమ్మ అయితే మా దగ్గర లేదండీ. హెలికాప్టర్ ఉంది, వాడుకుంటారా?"

ఆమె హెలికాప్టర్ వద్దని ఇంటికి వచ్చేసింది. ఇంట్లో ఈ విషయంలో పండితురాలు అత్తగారు. మోకాళ్ళ నొప్పులతో మెట్లు దిగలేక మూలిగే ఆవిడ, ఆటలో మాత్రం మూడో అంతస్తు కిటికీలోంచి గోడ మీదికీ, గోడ మీంచి లారీ మీదికీ అవలీలగా దూకేది. కళ్ళజోడు ముక్కు చివరికి జారుతున్నా పట్టించుకోకుండా, "అమ్మాయ్, ఆ గోదాము వెనక్కి మాత్రం ఎవర్నీ పంపకు. పోతే పోయినట్టే," అని కోడలికి ముఖ్యమైన సంగతులన్నీ విడమరిచి చెప్పింది.

రచయిత్రి ఇనపటోపీకి ఒక అమ్మను పెట్టింది. చిన్నప్పుడు పొడిదగ్గు పెట్టింది. వాన పడితే గొడుగు మరిచిపోయే అలవాటు పెట్టింది. సగానికి వచ్చాక ఒక అధ్యాయం రాసింది. విరిగిన వంతెన కింద ఇనపటోపీకి ఇంకో ఇనపటోపీ ఎదురుపడతాడు. ఇద్దరూ గురి చూసుకుంటారు. ఎదుటి టోపీలోంచి దగ్గు వినపడుతుంది. అచ్చం తన దగ్గులాంటి దగ్గు. ఇనపటోపీ తుపాకీ కింద పెట్టేస్తాడు. కాసేపటికి అవతలివాడూ పెడతాడు. ఇద్దరూ టోపీలు తీసి, రాతి మీద కూర్చుని, ఇంట్లో అమ్మ ఏమని పిలుస్తుందో చెప్పుకుంటారు. అంతే అధ్యాయం.

ఇన్నేళ్ళుగా సీరియళ్ళలో విషం కలిపే కోడళ్ళకూ, చెంపలు వాయించే అత్తలకూ మాటలు రాసి రాసి విసిగిన మనిషికి అది మొదటిసారిగా తన సొంతంగా తోచిన సంగతి. రాస్తూ ఏడ్చింది. స్టవ్ మీద పాలు పొంగిపోయినా లేవలేదు. అత్తగారు చదివి, ఆట ఆపి మరీ కళ్ళు తుడుచుకుంది.

ఈలోగా ఇతర రంగాలలో కూడా ప్రగతి ఆశాజనకంగా సాగింది. టీవీ సీరియల్‌లో వీరుడు విమానంలోంచి దూకాడు. నేల తాకడానికి ఏడాది పడుతుందనీ, ప్రేక్షకులు సహకరించాలనీ నిర్మాతలు కోరారు. సినిమాలో కథానాయకుడు టోపీ పెట్టుకుంటే తన ముఖం ఎవరికి కనపడుతుందని నిలదీశాడు. న్యాయమైన ప్రశ్న కాబట్టి టోపీని కథానాయిక చేతికిచ్చి, ఆమె చేత దానికి ఒక పాట పాడించారు. ఐదో తరగతి వాచకంలో 'ఇనపటోపీ వద్ద మనం నేర్చుకోవలసిన సుగుణములు' అనే పాఠం చేరింది. ఒక వార్తా ఛానల్ ఆ దీవిలో రేపటి వాతావరణం చెప్పడం మొదలుపెట్టింది. ఇక్కడి వాతావరణ సూచన కంటే అదే నిజమవుతోందని జనం మెచ్చుకున్నారు.

నవల విడుదలైంది. మర్నాటికల్లా అభిమానుల మనోభావాలు దెబ్బతిన్నాయి. తమ వీరుడి చేత తుపాకీ దింపించడం కుట్ర అన్నారు. అతనికి తల్లి ఉందనడం అంతకన్నా పెద్ద కుట్ర అన్నారు. కూడళ్ళలో నవలలు తగలబెట్టారు. కొననిదే తగలబెట్టడం కుదరదు గనక మొదటి ముద్రణ చెల్లిపోయింది. రెండో ముద్రణను త్వరగా అంటుకునే కాగితం మీద వేయాలని కంపెనీ సదాశయంతో ఆలోచించింది. ఒక విమర్శకుడు మాత్రం ఆ దగ్గులో నాగరికత ఊపిరితిత్తులు వినిపించాయని రాశాడు. ఆయన నవల చదవలేదు కాబట్టి ఆయన నిష్పాక్షికతను ఎవరూ శంకించలేదు.

ఆ అధ్యాయం తీసేయమంటారని భయపడుతూ రచయిత్రి కంపెనీ పెద్దాయన దగ్గరికి వెళ్ళింది. తీసేయమంటే నవల మీద తన పేరు కూడా తీసేయమందామని దారి పొడుగునా మనసు గట్టిచేసుకుంది.

పెద్దాయన కుర్చీలోంచి లేచాడు. గదిలో ఆమె ఒక్కతే ఉన్నా సభలో మాట్లాడినట్టే మాట్లాడాడు. "అమ్మా! మీరు తుపాకీ దింపించారు. మానవజాతి చరిత్రలో ఎందరో మహానుభావులు చేయలేని పని అది. మేము ఆ అధ్యాయాన్ని తీసేయం. ఆటలోనే పెడుతున్నాం. ఇక మీదట ప్రతి ఆటగాడి తెర మీదా ఒక కొత్త బటన్ ఉంటుంది. అది నొక్కితే చాలు, తుపాకీ కిందికి దిగుతుంది. దాని పేరు కరుణ!"

ఇన్నాళ్ళూ రచయిత్రి రాసిన మాటలను నటులు మార్చేసేవారు, దర్శకులు కొట్టేసేవారు. ఇప్పుడు కోట్లమంది చేతుల్లోకి తన అధ్యాయం వెళ్తోంది. ఆ సంతోషంలో దణ్ణం పెట్టి బయటికి వచ్చింది.

బటన్ వచ్చిన రోజు మధ్యాహ్నం ఆమె జీవితంలో మొదటిసారి ఆ ఆటను ఫోన్‌లోకి దింపుకుని, పడకగదిలో కూర్చుని, దీవి మీదికి దూకింది. ఒక చెత్తకుండీ పక్కన తుపాకీ దొరికింది. ఎటు వెళ్ళాలో తెలియక మెట్ల కింద నక్కి ఉండగా, ఒక ఇనపటోపీ ఎదురుగా వచ్చి గురిపెట్టింది. ఆమె కరుణ నొక్కింది. తుపాకీ మెల్లగా నేల మీదికి దిగింది.

అవతలి మనిషి కదల్లేదు. తరవాత, అచ్చం ఆమె రాసినట్టే, కాస్త ఆగి, తన తుపాకీ కూడా కింద పెట్టింది.

రచయిత్రి ఫోన్‌ను ముఖానికి దగ్గరగా తెచ్చుకుంది. ఎవరో, ఎక్కడో, ముఖం తెలియని మనిషి తన మాట విన్నారు. కళ్ళు మసకబారుతుండగా ఒక అడుగు ముందుకు వేసింది. అవతలి మనిషి మెట్టు మీద కూర్చోబోతున్నట్టు కొంచెం వంగి, బూటులోంచి పిస్తోలు తీసింది. తెరంతా ఎర్రబడింది.

"అయిపోయాడు! ఇంకోడు అయిపోయాడు!" అని హాల్లోంచి అత్తగారి కేక వినపడింది.

రచయిత్రి ఫోన్ పట్టుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "అత్తయ్యా... మెట్ల కింద... అది మీరా?"

"అయ్యో, నువ్వా అమ్మాయ్! ముందే చెప్పొద్దూ! ఎవరో అనుకున్నాను."

"ఆ అధ్యాయం చదివి మీరు ఏడ్చారు కదా అత్తయ్యా."

"ఏడవకుండా ఎలా ఉంటాను? రెండోసారి చదివినప్పుడు ఇంకా ఏడుపొచ్చింది. అందుకేగా తెలిసింది, అది మనసుకి పట్టినవాళ్ళు దింపిన తుపాకీ మళ్ళీ ఎత్తరని!" అత్తగారు కోడలిని ఆప్యాయంగా పక్కన కూర్చోబెట్టుకుని, కళ్ళజోడు పైకి తోసుకుంది. "పొద్దుట్నుంచీ నేనూ, నాతో ఆడేవాళ్ళూ అందరం వాళ్ళ కోసమే వెతుకుతున్నాం. ఈ రోజుల్లో పుస్తకం చదివేవాళ్ళు ఎంతమంది దొరుకుతారు చెప్పు? కనపడ్డప్పుడే కాల్చుకోవాలి."