మూడో అంతస్తులో సముద్రం

ఆదివారం పొద్దున ఆరింటికే హేమసుందర్ లేచి, పళ్ళైనా తోముకోకుండా అక్వేరియం ముందు గొంతుక్కూర్చున్నాడు. పదింటికి బందరు నుంచి అత్తగారు వస్తున్నారు. ఈలోగా తొట్టెలో ఉన్న రొయ్యలను తీసి పారెయ్యాలి, ఇల్లంతా అగరొత్తులు వెలిగించాలి, స్నానం చేసి ఇస్త్రీ చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడాలి. ఇంతే పథకం. వినడానికి ఎంత చిన్న పనో!

అసలు సంగతి ముందు చెప్పాలి. హేమసుందర్‌ది పెడన నేతగాళ్ళ కుటుంబం, విజయవాడలో చీరల హోల్‌సేల్ కొట్టు. భార్య దుర్గ వాళ్ళది బందరు దగ్గర సముద్రాన్ని నమ్ముకుని బతికే కుటుంబం. ఇద్దరూ ఇష్టపడ్డారు, పెద్దవాళ్ళు దగ్గరుండి పెళ్ళి చేశారు, అంతా బాగానే ఉంది. ఒక్కటే వెలితి. దుర్గ తల్లి పేరమ్మ నలభై ఏళ్ళు చేపల వ్యాపారం చేసిన మనిషి. పటమటలో ఉన్న కూతురింటికి నాలుగేళ్ళలో పాతికసార్లు వచ్చిందిగానీ ఒక్క రాత్రి కూడా పడుకోలేదు. బకెట్ నిండా చేపలతో దిగడం, వండి పెట్టడం, నాలుగింటి బస్సెక్కడం. "ఉండవే అమ్మా" అంటే "నాకిక్కడ నిద్దర పట్టదే" అనేది. తల్లి వెళ్ళిన ప్రతిసారీ దుర్గ వంటింట్లో చేరి కళ్ళు తుడుచుకునేది. అది చూసి హేమసుందర్‌కు అన్నం సహించేది కాదు.

సముద్రం పక్కన పుట్టిన మనిషికి సముద్రం లేక నిద్ర పట్టడం లేదని అతను తీర్మానించాడు. అయితే సముద్రాన్నే ఇంటికి తెస్తే పోలా! రెండడుగుల గాజు తొట్టె కొన్నాడు. నీళ్ళలో సముద్రపు ఉప్పు కలిపాడు, తెల్ల ఇసుక పోశాడు, బొరియలున్న రాళ్ళు పేర్చాడు, అలలు పుట్టించే మోటారు బిగించాడు, పైన నీలం లైటు పెట్టాడు. ఇక పగడాలూ, నారింజ రంగు చేపలూ రావడమే తరువాయి.

తిరకాసంతా ఇక్కడే ఉంది. ఉప్పునీళ్ళ తొట్టెలో చేపల్ని వెంటనే వదలకూడదట. ముందు ఆ నీళ్ళలో మంచి సూక్ష్మజీవులు పెరగాలట. వాటి తిండి కోసం ఒక పచ్చి రొయ్యను వేసి కుళ్ళనివ్వమని ఒక వీడియోలో చెప్పారు. కానీ హోల్‌సేల్ వ్యాపారికి ఒకటీ అరా బేరానికి చెయ్యి రాదు కదా! బుధవారం నాడు అరడజను వేశాడు. శనివారానికల్లా ఇంట్లో ముక్కు పెట్టడానికి చోటు లేకుండా పోయింది.

ఇప్పుడు చేతిలోని చిన్న వల తగలగానే మొదటి రొయ్య ఉడికిన పెసరపప్పులా విడిపోయింది. మిగతా అయిదింటినీ అలల మోటారు ఎప్పుడో రాళ్ళ కిందికి నెట్టేసింది. ఒక రాయి ఎత్తాడో లేదో, బుధవారం నుంచి దాక్కున్న కంపంతా ఒక్కసారి బయటికొచ్చింది.

దుర్గ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వచ్చింది. "ఏమండీ, మా అమ్మ వచ్చేలోపు ఇల్లు మారిపోదామా?"

"నువ్వు వెటకారాలాడకే బాబూ, ఆ ఫ్యానిటివ్వు!" అని హేమసుందర్ వీధి తలుపు బార్లా తీసి, టేబుల్ ఫ్యాను బయటికి తిప్పి పెట్టాడు. వాసన బుద్ధిగా మెట్లు దిగి ఒక్కో అంతస్తునూ పలకరించుకుంటూ వెళ్ళింది.

పది నిమిషాల్లో అపార్ట్‌మెంట్ సెక్రటరీ జ్ఞానేశ్వర్ ముక్కుకు తువ్వాలు కట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "హేమసుందర్ గారూ, మీకేవన్నా వాసనొస్తోందాండీ?"

ఉన్నమాట అప్పుడే చెప్పేస్తే ఏ గొడవా ఉండేది కాదు. కానీ నోరు ఊరుకోలేదు. "వస్తోందండీ! నేనే వచ్చి అడుగుదామనుకుంటున్నా."

"డక్టులో ఎలకేదో చచ్చుంటుంది."

"అంతే అయ్యుంటుందండీ."

"అయితే టార్చి పట్టుకుని రండి, ఇద్దరం వెతుకుదాం."

దొంగకు తేలు కుట్టినట్టయింది హేమసుందర్ పని. లేని ఎలుక కోసం డక్టులో దూరి, మొదటి అంతస్తు శాలిని గారి గ్యాస్ సిలిండర్ వెనకా, లిఫ్టు కిందా టార్చి వేసి అందరికంటే శ్రద్ధగా వెతికాడు. ఎలుక దొరక్కపోయేసరికి డ్రైనేజీ పైపు పగిలిందని జ్ఞానేశ్వర్ తేల్చాడు. నీళ్ళ మోటారు ఆపించి, మనుషుల్ని పిలిపించి, కింద మ్యాన్‌హోలు మూతలు ఎత్తించాడు. దాంతో అప్పటిదాకా ఒంటరిగా ఉన్న వాసనకు తోడు దొరికింది. కుళాయిల్లో చుక్క లేదు. స్నానం లేదు, ఇస్త్రీ చొక్కా లేదు, చేతులకు రొయ్య కంపు పోలేదు. గోరుచుట్టు మీద రోకటిపోటులా అప్పుడే గేటు ముందు ఆటో ఆగింది.

పేరమ్మ బకెట్ దించుకుని, ముక్కులు మూసుకున్న జనాన్ని చూసి ఆగిపోయింది. "ఏంటండీ, ఇంతమంది కింద నిలబడ్డారు?"

"ఎలక చచ్చిందో, పైపు పగిలిందో తెలీడం లేదమ్మా" అన్నాడు జ్ఞానేశ్వర్.

పేరమ్మ తల పైకెత్తి ఒక్కసారి గాలి పీల్చింది. "ఎలకా కాదు, పైపూ కాదు బాబూ. రొయ్య. తలకాయ తియ్యని రొయ్య. బుధారం నాటిది. ఒకటి కాదు, అయిదారుంటాయ్." ఇంకోసారి పీల్చి వేలు పైకి చూపించింది. "మూడో అంతస్తు, ఎడంపక్క."

అందరూ పైకి చూసి, తర్వాత టార్చి పట్టుకున్న హేమసుందర్‌ను చూశారు.

"అది... మా ఇల్లేనండీ" అన్నాడతను.

పైకెళ్ళి, తొట్టె ముందు నిలబడి, రొయ్యల దగ్గర్నుంచి సూక్ష్మజీవుల దాకా అంతా ఒప్పేసుకున్నాడు. జ్ఞానేశ్వర్ మండిపడ్డాడు. "పొద్దుట్నించి నా పక్కనే ఉండి నాతో ఎలకని వెతికించారా! కుళ్ళిన రొయ్యలతో నీళ్ళు బాగుపడటమేంటండీ, ఎవరన్నా వింటే నవ్వుతారు! మధ్యాహ్నానికల్లా ఈ తొట్టె ఇక్కణ్ణుంచి కదలాలి."

హేమసుందర్ తలెత్తలేదు. సముద్రమూ పోయింది, అత్తగారి ముందు పరువూ పోయింది.

పేరమ్మ తొట్టెలో వేలు ముంచి నాలిక్కి రాసుకుంది. "ఛీ, అమ్మా!" అని దుర్గ అరిచినా పట్టించుకోలేదు. "ఉప్పు సరిగ్గా కుదిరింది" అంది. తర్వాత జ్ఞానేశ్వర్ వైపు తిరిగింది. "ఎందుకు నవ్వుతారు బాబూ? కైకలూరు చెరువుల్లో చేపపిల్లని వదిలేముందు నీళ్ళు పండించరా? బెల్లం, తవుడు పులియబెట్టి పొయ్యరా? పండని నీళ్ళలో పిల్లనొదిలితే తెల్లారేసరికి తేలుద్ది. మా అల్లుడుగారు చీరలమ్ముకునేవారే గానీ, నీళ్ళ సంగతి తెలిసినోరు."

హేమసుందర్‌కు కళ్ళు చెమర్చాయి. వాసన వల్ల కాదు.

"ఎంతైనా ఇంత కంపు..." అని జ్ఞానేశ్వర్ నసిగాడు. పేరమ్మ బకెట్ మూత తీసింది. ఐసు మీద మోచేతి పొడవు పండుగప్ప పడుకుని ఉంది.

"ముక్కలు కొట్టి మీ ఇంటికి పంపిస్తా బాబూ."

జ్ఞానేశ్వర్ ఆ చేపను తృప్తిగా చూశాడు. "పండనివ్వండి. సైన్సు కదండీ, పిల్లలక్కూడా తెలియాలి" అని నీళ్ళ మోటారు వేయించడానికి దిగిపోయాడు.

మధ్యాహ్నం మూడున్నరకు హేమసుందర్ బండి తాళాలు తీసుకుని దిగులుగా హాల్లోకి వచ్చాడు. తొట్టె పక్కనే చాప మీద పేరమ్మ గుర్రుపెట్టి నిద్రపోతోంది.

"బస్సు టైమైంది, లేపనా?" అన్నాడు గుసగుసగా.

"లేపారంటే చంపేస్తా!" అంది దుర్గ.

నాలుగింటి బస్సు వెళ్ళిపోయింది. ఆరింటికి పేరమ్మ లేచి, గడియారం చూసి, ఒళ్ళు విరుచుకుంది. "పోతే పోయిందిలే. ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో ఫినాయిలూ అగరొత్తుల కంపు తప్ప ఏమీ ఉండేది కాదే అమ్మాయ్. ఆస్పత్రిలో ఉన్నట్టుండేది. ఇవాళ మన రేవులో పడుకున్నట్టే ఉంది. నాలుగు రోజులుండి పోతాలే."

దుర్గ తల్లిని వాటేసుకుంది. హేమసుందర్ మాత్రం అలల మోటారు వైపూ, నీలం లైటు వైపూ తెల్లబోయి చూశాడు. వాటినెవరూ కన్నెత్తి చూడనే లేదు.

నాలుగు రోజులు పదయ్యాయి. ఇల్లు నవ్వులతో నిండింది. ఈలోగా సూక్ష్మజీవులు పెరిగి పనిలో పడ్డాయి. నీళ్ళు తేటపడ్డాయి, కంపు పోయింది. పదకొండో రోజు పొద్దున పేరమ్మ ఆవులిస్తూ, "రాత్రి కన్నంటుకోలేదే. రేపు బయల్దేరతా" అంది. దుర్గ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం కొట్టు నుంచి వస్తూ హేమసుందర్ చేపల బజారులో ఆగాడు. రావమ్మ అనే చేపలావిడ గంప మీద గోనెపట్టా తీసి, "ఇప్పుడే దిగినయ్యి సార్, ఎలా మెరుస్తన్నాయో చూడండి!" అంటూ గుప్పెడు రొయ్యలు చేతికందించింది.

అతను వాటిని మర్యాదగా గంపలో పెట్టేసి, చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఇవి కాదమ్మా, మొన్నటివేవన్నా మిగిలాయా?"