కొత్తిమీర కొసరు

ఆ శనివారం పొద్దున్న నాగమణి వేసుకున్న పథకం చాలా చిన్నది. గుత్తివంకాయ కూర, దోసకాయ పప్పు, టమాటా పచ్చడి. ఎనిమిదో నెల మోస్తున్న కూతురు మృదులకి నోరు చప్పగా ఉందట. స్టోరుకి వెళ్లి కూరలు తెచ్చి, పన్నెండుకల్లా వంట ముగించేయాలి. భర్త విశ్వనాథ్‌ని వెంటబెట్టుకుని తెనాలి నుంచి ఫ్రిస్కో దాకా ఆమె వచ్చింది కూతురి పురుడు పోయడానికే. అది తప్ప అమెరికాతో ఆమెకి వేరే పనేమీ లేదు.

అల్లుడు అనూప్ ఆమెని స్టోరు ముందు దింపి, శనివారమైనా వదలని ఆఫీసు కాల్‌తో కార్లోనే ఉండిపోయాడు. నాగమణి వంకాయలు, టమాటాలు, దోసకాయ తీసుకుంది. మెషిన్లో కార్డు గీకి, రసీదు పుచ్చుకుంది. అక్కడితో ఆగి ఉంటే ఇంత కథే లేదు. కానీ అరవై రెండేళ్ల బతుకులో ఆమె కొసరు లేకుండా కూరలు కొన్న పాపాన పోలేదు. తెనాలి మార్కెట్లో డబ్బులిచ్చాక బుట్టలోంచి ఒక కొత్తిమీర కట్ట, నాలుగు పచ్చిమిరపకాయలు చొరవగా సంచిలో వేసుకోవాలి. అమ్మేవాడు "అమ్మగారూ, మిరపకాయలు మండిపోతున్నాయండీ" అని మొత్తుకోవాలి. "నువ్వూరుకో" అని ఈమె గదమాయించాలి. అప్పుడే బేరం పూర్తయినట్టు. ఇక్కడ మొత్తుకోవడానికి మనిషే లేడు కనక, ఆమె వెనక్కి వెళ్లి తన కొసరు తనే తీసుకుని బయల్దేరింది. తలుపు దగ్గర చెవిలో వైరు పెట్టుకున్న ఒక ఆజానుబాహుడు అడ్డంగా నిలబడ్డాడు.

అనూప్ పరిగెత్తుకొచ్చేసరికి లోపలి గదిలో బల్ల మీద కొత్తిమీర కట్ట, దాని పక్కన వరసగా నాలుగు మిరపకాయలు ఉన్నాయి. వాటికి ఫొటోలు తీస్తున్నారు.

"అత్తయ్యా, ఏంటిది?"

"కొసరు బాబూ. పచ్చిమిరపకాయకి ఫొటో ఎందుకో నాకర్థం కావట్లేదు."

"అమెరికాలో కొసరు ఉండదత్తయ్యా!"

"ఉండకపోవడమేంటి? అన్ని వంకాయలు కొన్నానుగా!"

కొసరు ఖరీదు ఒక డాలరు పంతొమ్మిది సెంట్లని తేలింది. ఏడాదిపాటు ఆ స్టోరు గడప తొక్కకూడదన్నారు, నష్టపరిహారం కోసం లాయర్ల దగ్గర్నించి ఉత్తరం వస్తుందన్నారు. కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. ఫోన్ నంబరు అడిగితే నాగమణి తనకి కంఠతా వచ్చిన ఒకే ఒక్క నంబరు చెప్పింది. అది మృదులది. తల తిరిగిపోతున్న అనూప్ ఆ సంగతి గమనించలేదు.

కార్లో కూర్చున్నాక నాగమణి అల్లుడి వైపు తిరిగింది. "బాబూ, నన్ను ఇండియాకి పంపించేస్తారా? పురుడు కాకముందే?"

"తెలీదత్తయ్యా," అన్నాడు అనూప్. అతను నిజమే చెప్పాడు. కానీ ఆ క్షణాన అంతకన్నా పాడు జవాబు ఇంకోటి లేదు.

మృదులకి బీపీ ఎక్కువగా ఉంది, ఆందోళన పనికిరాదని డాక్టరు మరీమరీ చెప్పింది. అందుకని ఈ సంగతి ఆమె చెవిన పడకూడదని ముగ్గురూ ఒట్టు పెట్టుకున్నారు. ఆ పూట గుత్తివంకాయ కూర కొత్తిమీర లేకుండానే దిగింది. నాగమణి ఒక ముద్ద కూడా తినలేకపోయింది.

రెండు వారాలకి ఉత్తరం వచ్చింది. తమ క్లయింటుకి కలిగిన నష్టానికి గాను ఇరవై రోజుల్లో మూడు వందల డాలర్లు చెల్లించాలి, లేనిచో తదుపరి చర్యలు. ఆ 'తదుపరి చర్యలు' అన్న మాట విని నాగమణి మంచమెక్కింది.

"నేను కట్టేస్తాను మావయ్యగారూ, వదిలిపోతుంది," అన్నాడు అనూప్.

"ఠాఠ్! వీల్లేదు అల్లుడుగారూ," అన్నాడు విశ్వనాథ్. ఆయన తెనాలి కోర్టులో ముప్పై నాలుగేళ్లు గుమాస్తాగిరీ వెలగబెట్టి రిటైరైన మనిషి. "కడితే నేరం ఒప్పుకున్నట్టు. నోటీసుకి జవాబు నోటీసే! మీరు గమ్మునుండండి, నేను చూసుకుంటాను."

ఆయన చూసుకున్నాడు. పద్దెనిమిది రోజులు చూసుకున్నాడు. పుట్టబోయే మనవడి కోసమని ముందే కొన్న గీతల పుస్తకంలో చిత్తుప్రతులు రాసి, కొట్టేసి, చివరికి నాలుగు పేజీల ఇంగ్లిష్ జవాబు తయారుచేసి అల్లుడికి చెప్పకుండా పోస్టు చేశాడు. అందులో ఆయన లేవనెత్తిన వాదన ఇది: నా భార్య ఈ కొసరును గత నలభై ఏళ్లుగా, బహిరంగంగా, నిరాటంకంగా, ఎవరి అభ్యంతరమూ లేకుండా అనుభవిస్తూ వచ్చింది. ఇంతకాలం అనుభవించినది అలవాటు కాదు, హక్కు. పొలం గట్టు మీద నడిచే దారి విషయంలో ఈ వాదన తెనాలి కోర్టులో ఎప్పుడూ ఓడిపోలేదు. పెద్దమనిషి తరహాగా, హక్కులకి భంగం లేకుండా, ఒక డాలరు పంతొమ్మిది సెంట్లు కూడా కవర్లో పెట్టాడు.

ఈసారి లాయర్ల జవాబు చకచకా వచ్చింది. మీ మొదటి వాయిదా ముట్టింది, కృతజ్ఞతలు. నలభై ఏళ్లుగా నిరాటంకంగా తీసుకుంటున్నట్టు రాతపూర్వకంగా ఒప్పుకున్నందుకు కూడా కృతజ్ఞతలు. గడువు దాటినందున ఇప్పుడు చెల్లించవలసినది ఆరు వందలు. ఈ నెలాఖరు శనివారం ఆఖరి రోజు.

అనూప్ ఆ ఉత్తరం రెండుసార్లు చదివి నెత్తి బాదుకున్నాడు. "మావయ్యగారూ, ఒక కొత్తిమీర కట్టని నలభై ఏళ్ల దొంగతనం చేసేశారు కదండీ!"

పక్కగదిలో నాగమణి ఏడుస్తున్న చప్పుడు వినిపిస్తోంది. విశ్వనాథ్ చూపు దించుకుని గీతల పుస్తకం మూసేశాడు.

ఇక తన వల్ల కాదనుకుని అనూప్ పక్క ఊరు ప్లేనోలో ఉండే స్నేహితుడు యోగానంద్‌కి ఫోన్ చేశాడు. అత్తగారి పరువు పోకుండా "మా ఫ్రెండ్ ఒకడు షాప్‌లో పట్టుబడ్డాడ్రా, ఏం చెయ్యాలి?" అని అడిగాడు. ఈ లోకంలో 'మా ఫ్రెండ్ ఒకడు' అంటే ఎవరో తెలియనంత అమాయకుడు కాదు యోగానంద్. భార్య నళినికి చెప్పాడు. మర్నాడే నళిని ఒక డబ్బా నిండా సున్నుండలు పట్టుకుని దిగి, మృదుల చేతులు పట్టుకుంది.

"బాధపడకు మృదులా. ఇదో జబ్బంతే. అనూప్‌కి మంచి కౌన్సెలింగ్ ఇప్పిస్తే తగ్గిపోద్ది."

ఆ రోజు నుంచి మృదుల మొగుడితో మాట్లాడటం మానేసింది. అతను పోస్టుడబ్బా దగ్గరికి ఎందుకు పరుగెడుతున్నాడో, అమ్మానాన్నా అతన్ని చూసి ఎందుకు తలలు దించుకుంటున్నారో అన్నీ ఆమెకి అర్థమైపోయాయి. చేతిసంచి దిండు కింద పెట్టుకుని పడుకుంది. ఒకరోజు బిడ్డ కోసం తెచ్చిన ఉయ్యాల ముందు నిలబడి, "దీని రసీదు ఏది?" అని అడిగింది. అనూప్ వెతికాడు. దొరకలేదు. మృదుల లోపలికెళ్లి తలుపు వేసుకుంది. ఆ వారం బీపీ ఇంకాస్త పెరిగింది.

ఆ విధంగా ఆ ఇంట్లో నలుగురూ నాలుగు మూలల్లో కుమిలిపోతుండగా ఆఖరి శనివారం వచ్చింది. విశ్వనాథ్ వాకింగని చెప్పి పొద్దున్నే బయటికి వెళ్లాడు. పదిన్నరకి మృదుల ఫోన్ మోగింది. అవతల లాయర్ల ఆఫీసు తాలూకు ఒకతను నాగమణిగారు కావాలన్నాడు. మృదుల విషయమేమిటని అడిగి, పూర్తిగా విని, ఫోన్ చేత్తో మూసి మొగుడి వైపు తిరిగింది.

"అంటే దొంగవి నువ్వు కాదా?"

"నేనా?" అన్నాడు అనూప్.

"అమ్మా! కొత్తిమీరేంటి? మిరపకాయలేంటి?"

నాగమణి గోడకి చేరగిలబడి భోరుమంది. "తల్లీ, ముందు అతన్ని ఒక్కటడుగు. నన్ను పంపించేస్తారా? నీ పురుడు చూడనిస్తారా, లేదా?"

మృదుల అడిగింది. అవతలతను నవ్వాడు. వీసాతో తమకేమీ సంబంధం లేదట. ఇది పోలీసు కేసు కూడా కాదట. డబ్బు అడుగుతూ ఉత్తరాలు రాయడమే తమ పనట. అది తెలుగులో విన్న నాగమణి చీరకొంగుతో మొహం తుడుచుకుని చాలాసేపు కూతురి పొట్ట మీద చెయ్యి వేసి అలాగే కూర్చుంది.

"ఇవాళే కడితే నాలుగు వందల యాభైకి సెటిల్ చేస్తానంటున్నాడమ్మా," అంది మృదుల.

నాగమణి తలెత్తింది. "ఏంటీ, తగ్గించాడా?"

"ఊఁ. తగ్గించాడు."

"ఓసి నీ అసాధ్యం కూలా, ఇది బేరమా! ఆ ముక్క ముందే చెప్పొద్దుటే? ఇరవై అను."

"అమ్మా!"

"అనవే!"

అవతలతను మూడు వందలన్నాడు. నాగమణి ఇరవై ఐదంది. అతను రెండు వందలన్నాడు, ఇక తన చేతుల్లో లేదన్నాడు. "సరే, వద్దులే అని పెట్టేయ్. వెనక్కి పిలుస్తాడు చూడు," అంది. మృదుల బెదురుతూ పెట్టేసింది. నాలుగు నిమిషాల్లో అతనే పిలిచాడు. చివరికి అరవై డాలర్ల దగ్గర బేరం తెగింది. ఇకమీదట ఒక్క ఉత్తరం కూడా రాయకూడదని అదనంగా ఒప్పించింది. మృదుల కార్డు నంబరు చదివింది. నెలన్నరగా అన్నం సయించని నాగమణి మొదటిసారి "ఆకలేస్తోందే" అంది.

అప్పుడే విశ్వనాథ్ ఎండలో నడిచి నడిచి, చొక్కా తడిసి ముద్దయి, లోపలికి వచ్చి కూలబడ్డాడు.

"నువ్విక ఏడవకు," అన్నాడు భార్యతో, మొహం చూడకుండా. "పోస్టాఫీసు నుంచే వస్తున్నా. ఆరు వందలూ మనియార్డరు తీసి ఎక్స్‌ప్రెస్‌లో పంపించేశాను. వాదన పోతే పోయింది, నువ్వు ఉంటే చాలు."

"ఆరు వందలా? ఎక్కడివండీ?"

"బిడ్డ చేతులకి బంగారు మురుగులు చేయిద్దామని దాచినవి."

నాగమణి ఆయన్ని తిడుతుందేమోనని అనూప్ భయపడ్డాడు. ఆమె తిట్టలేదు. లేచి వెళ్లి గ్లాసుడు మజ్జిగ తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"ఎక్కువ కట్టింది తిరిగిమ్మని లెటర్ రాద్దాం," అన్నాడు అనూప్.

"వద్దు బాబూ, మీకు దణ్ణం పెడతా," అంది నాగమణి. "ఉత్తరమంటే మళ్లీ మీ మావయ్యగారు పెన్ను తీస్తారు."

పురుడు నాగమణి చేతుల మీదుగానే జరిగింది. ఆడపిల్ల. బోసి చేతుల పాపని ఇంటికి తెచ్చిన రోజే లాయర్ల దగ్గర్నించి కవరు వచ్చింది. ఆరు వందలు ముట్టినట్టు ఒకటి, అరవై ముట్టినట్టు ఒకటి, వెరసి రెండు రసీదులు. అమెరికాలో కొసరు ఉండదని అనూప్ అన్నాడు గానీ, లాయర్లకి ఆరు వందల మీద అరవై పడింది.