పిల్లల పెంపకానికి అనావారి

మీ దగ్గర దాచడమెందుకు, ముందే ఒప్పుకుంటున్నా. పిల్లల్ని పెంచడం గురించి నాకు ఓనమాలు కూడా తెలియవు. నా చేతుల్లో ఇప్పటిదాకా బతికి బట్టకట్టింది ఒక్క తులసి మొక్క. అదీ పక్కింటావిడ నీళ్లు పోస్తే. కాబట్టి రామాంజినమ్మని చూసి నవ్వే హక్కు నాకు లేదు. అయినా నవ్వుతాను. ఎందుకంటే ఆమెకీ ఏమీ తెలియదు, పైగా ఆమెకి దానికి జీతం ఇచ్చేవాళ్లు.

ఇది ఎనభై అయిదు నాటి సంగతి. రామాంజినమ్మ టౌన్లో పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా చేసింది. ఆ రోజుల్లో కరెంటు పని నేర్చిన ఆడపిల్లకి ఉద్యోగం ఇస్తానన్నవాడు ఒక్కడే. ధర్మవరంలో మోటార్లకి వైండింగు చేసే మేనమామ. ఆయన ఇస్తానన్నది కూడా జీతం కాదు, మధ్యాహ్నం సంగటి. అంతలో ఒక సంస్థవాళ్లు కంబదూరు దగ్గర గొందిపల్లెలో తల్లిదండ్రులకి పెంపకం నేర్పే తరగతి పెడుతున్నామని, దాన్ని నడిపి ఫలితం కొలిచే మనిషి కావాలని ప్రకటన వేశారు. "కొలిచే" అన్న మాట చూసి రామాంజినమ్మ దరఖాస్తు పెట్టేసింది. కొలవడం ఆమెకి వచ్చు. ముందొక రీడింగు, తర్వాత ఒక రీడింగు, రెండిటికీ తేడా. వోల్టేజీ అయినా వాత్సల్యమైనా పద్ధతి ఒకటే కదా అనుకుంది.

ముందు రీడింగు ఊళ్లో అడుగుపెట్టిన వారమే తీసుకుంది. పదహారు ప్రశ్నల కాగితం, ప్రశ్నకొక మార్కు. ఎవరో చదువుకున్న పిల్ల ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని కొడతారా తిడతారా అని అడుగుతుంటే, ఊరు పరువు కోసం అందరూ బంగారం లాంటి జవాబులు చెప్పారు. పదహారుకి సగటున పదమూడు వచ్చింది. ఇంత బాగున్న ఊరికి తరగతి ఎందుకని ఆమెకి ఒక్క క్షణం అనుమానం రాకపోలేదు. మేనమామ దుకాణం గుర్తొచ్చి అనుమానం మానుకుంది.

తరగతి గురువారం మధ్యాహ్నాలు బడి వరండాలో జరిగేది. పిల్లల్ని కొట్టకండి, వాళ్లు చెప్పేది వినండి, నిజం చెప్పిన పిల్లని శిక్షించకండి, ఇదీ పాఠం. చిత్రమేమిటంటే ఏడాది దాటేసరికి ఊరు నిజంగానే మారింది. ఓబమ్మ కొడుకుని కొట్టే చింతబరికను పొయ్యిలో పెట్టి జొన్నరొట్టెలు కాల్చేసింది. ఎర్రిస్వామి కూతురిని భుజం మీద ఎక్కించుకోకుండా బీడీ కొనడానికి కూడా వెళ్లడం లేదు. ఇదంతా రామాంజినమ్మ కళ్లారా చూసింది. ఇక తర్వాతి రీడింగే బాకీ.

అది మాత్రం పైవాళ్లే తీయాలని రూలు, అందుకని సోమవారం పది గంటలకి సంస్థ అనంతపురం ఆఫీసు నుంచి శ్రీరంగప్ప సారు జీపులో వస్తున్నారు. రిటైరైన హెడ్మాస్టరు. ఫలితం బాగుంటే తరగతి ఉంటుంది, ఆమె ఉద్యోగమూ ఉంటుంది. బాగాలేకపోతే రెండూ పోతాయి. ధర్మవరంలో కాలిపోయిన మోటార్లు ఆమె కోసం వరసగా కూర్చునే ఉన్నాయి.

పొద్దున ఏడింటికి పథకం సిద్ధంగా ఉంది. ముందు ఓబమ్మ ఇల్లు, తర్వాత ఎర్రిస్వామి ఇల్లు, చివరికి ఊరిపెద్ద హనుమంతప్ప ఇల్లు. అక్కడ ఉగ్గాని, బజ్జీలు, టీ, సెలవు. ఈ మాట చెప్పడానికి పోతే, అరవై ఏళ్ల హనుమంతప్ప ఆ పదహారు ప్రశ్నల కాగితాన్ని తిరగేసి మరగేసి చూశాడు. ఇంతకీ ఆ సారు చేసేదేమిటని అడిగాడు. రామాంజినమ్మ మూడుసార్లు వివరించింది. మూడుసార్లూ ఆయన మొహంలో ఏ లైటూ వెలగలేదు. చివరికి ఆమెకి ఒక తెలివైన పోలిక తట్టింది. కొంప ముంచింది అదే.

"అనావారి లెక్కే అనుకో పెదనాయనా. పంట పదహారణాలకి ఎన్ని అణాలు పండిందో చూస్తారు గదా. అట్లనే ఈయన మన పెంపకం ఎన్ని అణాలో చూస్తాడు."

హనుమంతప్ప మొహం వెలిగిపోయింది. "అట్ల చెప్పు పాపా. ఇంగ నువ్వు నిమ్మలంగా ఉండు. నేను చూసుకుంటా."

అనావారి అంటే ఆ జిల్లాలో తెలియనివాళ్లు లేరు. పంట అంచనా వేయడానికి రెవెన్యూ వాళ్లు జీపులో వస్తారు. తక్కువ అణాలు రాస్తే కరువు అంటారు, శిస్తు మాఫీ అవుతుంది, రోడ్డు పనులు వస్తాయి. ఎక్కువ రాస్తే ఊరికి ఏమీ రాదు. కాబట్టి జీపుని ఏ దారిన తీసుకుపోవాలి, ఏ రాళ్లచేను చూపించాలి, దాని గట్టు మీద ఎవరు తల పట్టుకుని కూర్చోవాలి అన్నది గొందిపల్లెలో ఒక శాస్త్రం. ఆ శాస్త్రానికి పీఠాధిపతి హనుమంతప్ప. రామాంజినమ్మది మగ్గాల ఇల్లు. ఆమెకి మాట తెలుసు, మర్మం తెలియదు.

పది గంటలకి జీపు దిగిన శ్రీరంగప్ప సారుని రామాంజినమ్మ ధీమాగా ఓబమ్మ ఇంటికి తీసుకుపోయింది. గడపలో ఓబమ్మ ఒక కొత్త చింతబరిక పట్టుకుని కూర్చుని ఉంది. నిన్నటిదాకా నూనె రాసి పాపిట తీసిన తలతో తిరిగిన ఆమె కొడుకు నల్లప్ప, ఇప్పుడు మట్టికుప్పలోంచి తవ్వి తీసినట్టు ఉన్నాడు.

పిల్లవాణ్ని ఎప్పుడైనా కొడతారా అని సారు మర్యాదగా అడిగారు.

"మూడు పూటలా కొడతా సార్," అంది ఓబమ్మ. "కూడు లేని దినముంటాది గానీ, కొట్టని దినముండదు."

రామాంజినమ్మ గుండె ఒక్క దెబ్బకి ఫ్యూజు పోయింది. ఇంతలో నల్లప్ప, బడిలో నేర్చుకున్న ప్రకారం చెయ్యి పైకెత్తి, మాయమ్మ నన్ను కొట్టి ఏడాదైంది సార్, ఈ మట్టి కూడా పొద్దున తనే పూసింది అని చెప్పాడు. ఓబమ్మ తడుముకోలేదు.

"చూసినారా సార్. అబద్ధాలు గూడా బాగా నేర్పించినా."

సారు కాగితం మీద ఏదో కొట్టేశారు. ఆమెకి ఈరోజు ఒంట్లో బాగాలేనట్టుందని సర్దిచెబుతూ రామాంజినమ్మ ఆయన్ని ఎర్రిస్వామి ఇంటికి నడిపించింది. ఎర్రిస్వామి ఎప్పటిలాగే నాలుగేళ్ల కూతురిని భుజాల మీద ఎక్కించుకుని నిలబడి ఉన్నాడు. పాప అతని జుట్టుకి జడ వేస్తోంది. హమ్మయ్య అనుకుంది రామాంజినమ్మ.

మీ పాప పేరేమిటని సారు అడిగారు. ఎర్రిస్వామి చాలాసేపు ఆకాశంలోకి చూశాడు.

"మా ఆడామెని అడగల్ల సార్. నాకు పిల్లోల్ల సంగతి తెలీదు."

"మరి ఈ పాప ఎవరు?"

"ఎవురి పాపనో సార్. ఎక్కి కూర్చునింది."

పైనుంచి పాప వంగి అతని మొహంలోకి చూసింది. తన పేరు తిప్పమ్మ అనీ, ఈయన మా నాయన అనీ, రోజూ పాట పాడి నిద్రపుచ్చుతాడనీ, పాట మధ్యలో తనే ముందు నిద్రపోతాడనీ సారుకి వరసగా చెప్పింది. ఎర్రిస్వామి ఊరి కోసం ఓర్చుకున్నాడు. తనకి పాటలే రావని చెప్పాడు. పాప అతని చెవి పట్టి లాగింది. సారు ఇంకో మూడు మార్కులు కొట్టేశారు.

సందు మలుపులో రామాంజినమ్మ, వెనకాలే వస్తున్న హనుమంతప్ప చెయ్యి పట్టుకుని పక్కకి లాగింది. వీళ్లందరికీ ఏమైందని గొంతు తగ్గించి అడిగింది.

"ఏం గాలేదే. బాగా చెప్తాండారు గదా," అన్నాడాయన తృప్తిగా. "నువ్వే గదా పాపా అనావారి అంటివి. అనావారికి వచ్చినోనికి పచ్చని చేను ఎవరన్నా చూపిస్తారా?"

ఆమె అది కాదని చెప్పేలోపల హనుమంతప్ప ముందుకు పరిగెత్తి, సారుని తన ఇంటి అరుగు మీద కూర్చోబెట్టేశాడు. చివరిది బ్రహ్మాస్త్రంగా ఉండాలని ఆయన ఆలోచన. ఈనాటి పిల్లల పెంపకమే కాదు, ఈ ఊళ్లో పెంపకం వేళ్లతో సహా ఎండిపోయిందని చూపించాలి. అందుకని పొద్దునే తల్లి బయమ్మకి పని అప్పజెప్పాడు. ఆమెకి ఎనభై దాటాయి. సారు ఎదుట కొడుకుని రెండు తిట్టి, కర్రతో ఊరికే అలా తాకించమన్నాడు.

ఇలాంటి అవకాశం బయమ్మకి అరవై ఏళ్లుగా రాలేదు. సారు కాగితం తియ్యకముందే ఊతకర్ర గాల్లోకి లేచింది.

"కదిరి తేరుకి తీస్కపోతానంటివే. యాడరా కదిరి? యాడరా తేరు?"

మొదటి దెబ్బ భుజం మీద పడింది. రెండోది వీపు మీద. మూడోదానికి హనుమంతప్ప స్తంభం చాటుకి పోయాడు. బయమ్మ స్తంభం చుట్టూ తిరిగింది. చాలమ్మా చాలు అని ఆయన సైగలు చేశాడు గానీ, ఆమెకి చూపు ఆనదు. ఇంట్లోంచి ఆయన ఆరేళ్ల మనవరాలు వచ్చి సారు పక్కన కూర్చుంది.

"మా అవ్వ ఎవురినీ కొట్టదు సార్," అని నెమ్మదిగా చెప్పింది. "తాతనే పొద్దున కొట్టమని చెప్పినాడు. ఇంత గట్టిగా కొట్టమనలేదు."

ఉగ్గాని వచ్చింది. సారు తినలేదు. కళ్లజోడు సవరించుకుని కూడికలు వేశారు. ముందు రీడింగు పదమూడు, ఇప్పటి రీడింగు రెండు. హెడ్మాస్టరుగా ముప్పై ఏళ్లలో ఫెయిలైన పిల్లల్ని చూశారు గానీ, పాఠం విన్నందువల్ల ఫెయిలైన ఊరిని చూడలేదట. ఇంకో ఏడాది ఈ తరగతి నడిస్తే ఊళ్లో మనుషులు మిగలరని, నెలాఖరుకి ఎత్తేయమని రాస్తానని చెప్పారు.

స్తంభం చాటునుంచి హనుమంతప్ప తల బయటపెట్టాడు. "రెండణాలు వచ్చినా ఏమీ ఇయ్యరా సార్?"

ఏమివ్వాలి అన్నట్టు సారు చూశారు. అప్పుడు అర్థమైంది ఊరిపెద్దకి. క్షణంలో కబురు ఊరంతా పాకింది. ఓబమ్మ బరిక విసిరేసి, కొడుకు మొహం కొంగుతో తుడుస్తూ వచ్చింది. తను చెప్పిందంతా అబద్ధమంది. గురువారం మధ్యాహ్నం తను కాళ్లు చాపుకుని కూర్చునేది ఆ తరగతిలోనే అని, దాన్ని తీసేయొద్దని బతిమాలింది. ఎర్రిస్వామి రుజువు కోసం అరుగు ముందే జోలపాట ఎత్తుకున్నాడు. రెండో చరణానికి అతనికే ఆవలింత వచ్చింది.

"ఇందాక చెప్పింది నమ్మాలా, ఇప్పుడు చెప్పేది నమ్మాలా?" అన్నారు సారు విసుగ్గా. ఫైలు మూసి, జీపు వైపు నడిచారు.

రామాంజినమ్మ అడ్డం పోయి నిలబడింది. తప్పు తనదేనని, అనావారి పోలిక తెచ్చింది తనేనని చెప్పేసింది. ముందు తీసిన పదమూడు కూడా పరువు కోసం చెప్పిన పదమూడేనని ఒప్పుకుంది. ఒప్పుకుంటుంటే మోటార్లు ఒక్కొక్కటే దగ్గరికి జరుగుతున్నట్టు అనిపించింది. అయితే మరి ఫలితం కొలిచేదెలా అన్నారు సారు. నిజమే. రెండు రీడింగులూ దొంగవి. మీటరు పనికిరానప్పుడు ఏం చెయ్యాలి? బల్బు వెలుగుతోందా లేదా అని చూడాలి. ఆ ఆలోచన రాగానే ఆమె మాట మారిపోయింది.

"సార్, మూడిండ్లలో ముగ్గురు పిల్లోల్లు, మీ ఎదురుగానే పెద్దోల్లది అబద్ధమని మొగం మీద చెప్పినారు. ఎన్ని దెబ్బలు పడినాయో చూసినారా?"

సారు ఆగారు. ఫైలు మళ్లీ తెరిచి, పొద్దుటినుంచీ జరిగింది వెనక్కి తిప్పుకున్నారు. నల్లప్పకి పడలేదు. తిప్పమ్మకి పడలేదు, పైగా తండ్రి చెవే లాగింది. మనవరాలికి పడలేదు. పక్కనే బరిక ఉంది, కర్ర ఉంది, ఊరంతటికీ వస్తుందనుకున్న లాభం ఆ పిల్లల నోటి వల్ల పోతోంది. అయినా పిల్లల మీదికి ఒక్కరి చెయ్యీ లేవలేదు.

"మీ చిన్నప్పుడు ఇంటికి వచ్చిన ఆఫీసరు ముందర మీ నాయనది అబద్ధమని చెప్పింటే?" అని అడిగింది రామాంజినమ్మ.

సారు చెయ్యి దానంతటదే ఎడమ చెంప మీదికి పోయింది. యాభై ఏళ్ల నాటి దెబ్బ అయివుంటుంది. తర్వాత ఆయన రెండు కొట్టేసి పద్నాలుగు రాశారు. పదహారూ ఇచ్చేవాణ్నేనని, ముసలామె కర్ర వల్ల రెండు తగ్గించక తప్పలేదని చెప్పి, చల్లారిన ఉగ్గాని రెండు ప్లేట్లు తిన్నారు.

నెల తిరగకముందే ఉత్తరం వచ్చింది. తరగతి మరో రెండేళ్లు, రామాంజినమ్మ ఉద్యోగమూ అన్నాళ్లు. ఆ ఉత్తరాన్ని హనుమంతప్ప మూడుసార్లు చదివించుకున్నాడు. పద్నాలుగణాలు రాసిన ఊరికి పైనుంచి ఏదన్నా రావడం తన జన్మలో చూడలేదని, ఇందులో ఏదో మోసం ఉందని బతికినన్నాళ్లూ అన్నాడు. సారు ఆజ్ఞ ప్రకారం బయమ్మ తరగతిలో ముందు వరసలో కూర్చుని, కొట్టకూడదన్న పాఠం శ్రద్ధగా విన్నది. కొడుకు ఆమెని కదిరి తేరుకి తీసుకుపోయాకే అది అమల్లో పెడతానంది.

మీ ఇంట్లో పెంపకం ఎన్ని అణాలు పండిందో, ఆ కథ మీరూ రాసి పంపండి. కాకపోతే దయచేసి మీరు రాయకండి, మీ పిల్లల చేత రాయించండి.